చీర కట్టిన కథల మామ్మ మీద ఎందుకింత కోపం?

ఏలూరులో మొన్న జరిగిన మన సమావేశంలో మూడు గంటలు వాదులాడుకుని, ఏమీ తేల్చకుండా ఎవరి బస్సుకి వాళ్ళం పరిగెత్తాం. తాడేపల్లిగూడెం వాళ్ళు పాసింజరు వెళ్ళిపోతుందని ఇంకా ముందే లేచారు. నేను చెప్పాలనుకున్న మాటల్లో సగం గొంతులోనే ఉండిపోయాయి. అవే ఇక్కడ రాస్తున్నాను. చదివి కోపం వచ్చినవాళ్ళు వచ్చే సంచికకి జవాబు రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

సమావేశానికి రాలేకపోయిన వాళ్ళ కోసం ముందు సంగతేమిటో చెప్తాను. ఒక కొల్లేటి లంక ఊళ్ళో పోయిన వేసవి సెలవుల్లో ప్రతి శనివారం సాయంత్రం పిల్లలకి కథలు చెప్పించాం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మొదటి దెబ్బ తగిలేది అక్కడి అంగన్‌వాడీ టీచరుకి. కథలు చెప్పడానికి వచ్చినాయనకి డెబ్భై దాటాయి. పద్యనాటకాల్లో నలభై ఏళ్ళు ఆడవేషాలు కట్టాడు. నాటకాలు తగ్గిపోయాక కొన్నాళ్ళు చేపల చెరువు మీద కాపలా ఉన్నాడు. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన చీర కట్టుకుని, సవరం పెట్టి, గాజులు వేసుకుని అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని కథ చెప్తాడు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు కథల మామ్మ.

మొదటి శనివారం నేనూ ఉన్నాను. ఏడు చేపల కథ చెప్పాడు. కొల్లేటి పిల్లలకి చేపల గురించి కథ చెప్పడమంటే మాటలా? ఎండకుండా మిగిలింది ఏ చేప, కొర్రమేనా, జెల్లా, మట్టగిడసా అని ఒక పిల్ల నిలదీసింది. కొర్రమేనేనే, దానికి ప్రాణం గట్టి, అని మామ్మ గొంతుతో జవాబు. వెనకాల నిలబడ్డ తల్లులు కూడా నవ్వారు. దాచకుండా చెప్పాలి, ఆయన చీర సర్దుకుంటూ పడవ దిగినప్పుడు నాకు లోపల ఇబ్బందిగానే అనిపించింది. ఊళ్ళో ఏమంటారో, మన సంఘాన్ని ఏమంటారో అని. కథ మొదలైన పది నిమిషాలకి అది మర్చిపోయాను.

నాలుగో శనివారానికి ఫిర్యాదు వచ్చింది. మగాడికి చీర కట్టి మా పిల్లలకి ఏం నేర్పుతున్నారు అని ఇద్దరు ఊరి పెద్దలు. అందులో ఒకాయన అమెరికాలో ఉన్న బంధువులు పంపిన వీడియో కూడా ఫోన్లో చూపించాడట, ‘అక్కడ దీన్ని నిషేధించారు, మీరిక్కడ మొదలుపెట్టారు’ అని. పైనుంచి టీచరుకి నోటిమాటగా ఆపమన్నారు. కాగితం మీద ఏమీ లేదు. టీచరు భయపడింది, మనం ఆపేశాం. మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నదే ఏలూరులో మనం తేల్చలేకపోయిన విషయం.

ముందు ఆ అమెరికా సంగతి. అక్కడ ఆడవేషం కట్టే కళాకారులు లైబ్రరీల్లో పిల్లలకి కథల పుస్తకాలు చదివి వినిపించే కార్యక్రమం 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలయింది. తర్వాత చాలా ఊళ్ళకి పాకింది. దాని మీద పెద్ద గొడవ నడుస్తోంది. 2023లో మొంటానా రాష్ట్రం బడుల్లో, లైబ్రరీల్లో ఇలాంటి కథల కార్యక్రమాలు కూడదని చట్టం చేసింది. అదే ఏడు టెనెస్సీ రాష్ట్రం పిల్లల కంటపడే చోట అశ్లీలంగా ఉండే ప్రదర్శనల మీద చట్టం తెచ్చి, అందులో ఆడవేషం కట్టేవాళ్ళని కూడా చేర్చింది. రెండు చట్టాలూ కోర్టుకెక్కాయి. అక్కడి కొట్లాట అక్కడి చర్చిలది, అక్కడి పార్టీలది. దాన్ని ఫోన్లో దింపుకుని కొల్లేటి ఒడ్డున పరచడం ఎందుకు? ఆడవేషం మనకి శాన్‌ఫ్రాన్సిస్కో నేర్పిందా?

కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు సమావేశంలో సరిగ్గా ఈ మాటే అన్నారు. సంతోషం. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు. మన సంస్కృతి ఎప్పుడూ దీన్ని ఆదరించింది, స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు, కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో ఇచ్చారు, ఇంకేం కావాలి అన్నారు. ఇక్కడ నేను వాళ్ళతో లేను. ఆదరించింది ఎవర్ని? కూచిపూడి భాగవతులు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు. సత్యభామ వాళ్ళ మగపిల్లలకి వారసత్వం. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు గజ్జె కట్టకూడదు. అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో కలావంతుల ఆడవాళ్ళు ఆడారు, పాడారు. వాళ్ళకేం దక్కింది? 1947 మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. అది స్త్రీల మేలు కోరి వచ్చిన చట్టమే, దాని వెనక ముత్తులక్ష్మీరెడ్డి లాంటి వాళ్ళ పోరాటం ఉంది, కాదనను. కానీ చట్టం తర్వాత ఆ ఆడవాళ్ళ ఆటా పాటా ఇంట్లో దాచుకోవలసిన తప్పయిపోయింది. అదే ఆట మగవాడు చీర కట్టుకుని ఆడితే శాస్త్రీయ కళ! తర్వాత వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలకి కూచిపూడి నేర్పాక గదా మన మధ్యతరగతి ఇళ్ళ పిల్లలు గజ్జె కట్టారు. కాబట్టి సంప్రదాయం ఒప్పుకుంది అని గొప్పగా చెప్పుకునే ముందు, ఎవరి ఆడవేషాన్ని ఒప్పుకుంది, ఏ ఆడదాన్ని స్టేజీ దింపి ఒప్పుకుంది అని అడగండి. 1885లో మొదలైన సురభి వాళ్ళు ఆడవేషాలకి తమ ఇంటి ఆడవాళ్ళనే నిలబెట్టారు. ఆ మార్గం కూడా ఉండనే ఉంది.

ఇంకో మాట. పద్మశ్రీ అందుకున్న చీర ఒకటి, తాడేపల్లిగూడెం స్టేషన్లో చప్పట్లు కొట్టి పది రూపాయలడిగే వాళ్ళ చీర ఇంకొకటి. మన కథల మామ్మ వేషం కట్టే మగవాడు. వేషం తీసేస్తే ఆయన తాతయ్య. హిజ్రాలకీ ట్రాన్స్‌జెండర్ స్త్రీలకీ అది వేషం కాదు, బతుకు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడ్డం ఇద్దరికీ అన్యాయమే. కానీ ఊరి పెద్దలు మామ్మని తిట్టడానికి వాడిన మాటలన్నీ హిజ్రాలని తిట్టే మాటలే. అవి ఇక్కడ రాయను. తిట్టేవాడు తేడా చూడనప్పుడు, మన మీద పడే దెబ్బ కాదు కదా అని మనం పక్కకి తప్పుకోలేం.

ఇప్పుడు పెద్దక్క మాటకి వస్తాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఈ ఉద్యమంలో ఉంది, నేను ఈ పని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడన్నది ఇదీ: ‘ఆడవేషమంటేనే ఆడదాన్ని వెక్కిరించడం. వయ్యారం, ఏడుపు, మూతి విరుపు, మొగుడి కోసం కలవరింత. ఆడదంటే ఇంతేనని మగాడు తీర్మానించి మనకే చూపిస్తాడు. కడుపు మొయ్యని వాడు, నీళ్ళ బిందె మొయ్యని వాడు, మన గాజులు తొడుక్కుని మన పిల్లలకి ఆడతనం పాఠం చెప్తాడా?’

ఈ మాటలో సగం నిజం. ఆ సగాన్ని నేను ఒప్పుకుంటున్నాను. 2013లో మొదలైన జబర్దస్త్ చూడండి. మగవాళ్ళు లేడీ గెటప్పులో వస్తారు. ఎంతసేపూ పెళ్ళాం గయ్యాళిదనం, పెళ్ళాం ఒళ్ళు, పెళ్ళానికి ఎవరితోనో సంబంధం. ఇంటిల్లిపాదీ, ఒళ్ళో పిల్లల్ని కూర్చోపెట్టుకుని చూసి నవ్వుతారు. చింతామణి నాటకం సంగతి చూడండి. ఊరూరా ఆడేటప్పుడు అందులో కలిపిన బూతులెన్ని? భరించలేక చాలాచోట్ల ఆడవాళ్ళు లేచిపోయేవాళ్ళు. ఎవరైనా పట్టించుకున్నారా? 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఎందుకు? సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఒక కులం వాళ్ళు అభ్యంతరం పెట్టినందుకు. వాళ్ళ బాధ నిజం కాదని నేను అనడం లేదు. ఆడదాని పరువు మాత్రం ఎవరి ఫిర్యాదులోనూ లేకపోయింది.

అయితే అక్కా, ఇక్కడే నీతో తగాదా. జబర్దస్త్‌లో నాకు ఒళ్ళు మండేది చీరని చూసి కాదు, ఆ జోకు విని. అదే జోకు ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు వేసినా అంతే మండుతుంది. ఆడపిల్లే వేసినా అంతే. మరి అరుగు మీద మామ్మ ఏం చెప్పాడు? నాలుగు శనివారాల్లో నేను రెండు విన్నాను. మిగతా రెండింటికీ మన కార్యకర్త ఉంది, నోట్సు రాసింది, ఎవరైనా చూడొచ్చు. ఏడు చేపల కథలో అన్నం ఎందుకు పెట్టలేదని పాలేరు నిలదీస్తే పిల్ల ఏడ్చింది, ఎలా పెట్టను అంటుంది అవ్వ. ఆ చోట మామ్మ కథ ఆపి, ఇంట్లో పిల్ల ఏడిస్తే ఎత్తుకునేవాళ్ళు ఇంకెవరూ లేరా, పాలేరుకి చేతుల్లేవా అని పిల్లల్ని అడిగాడు. మా నాన్న ఎత్తుకోడు అన్నాడు ఒక కుర్రాడు. అరుగంతా నవ్వు. మన శిక్షణ శిబిరాల్లో చార్టులు అంటించి రెండు రోజులు చెప్పే పాఠం అది. నలభై ఏళ్ళు వేషం కట్టినవాడికి ఆడదాని బతుకు కొంచెమైనా ఒంటబట్టదా? పట్టకపోవచ్చు కూడా. అందుకే ఎవరు చెప్పారని కాదు, ఏం చెప్పారని చూడమంటున్నాను.

మన ఆడతనం చీరలో, గాజుల్లో, సవరంలో ఉందని మనమెప్పుడు ఒప్పుకున్నాం? అవి మన ఒంటి మీద పెట్టిన గుర్తులని మనమే కదా ఇన్నాళ్ళూ చెప్పాం? ఇప్పుడు ఒక మగవాడు వాటిని తొడుక్కుంటే మా ఆస్తి ఎత్తుకుపోయాడని ఎందుకు కేకలు?

ఇక తాడేపల్లిగూడెం చెల్లెలి భయం. ఆ అమ్మాయి మాటల్లో అబద్ధం లేదు. ఆ లంక ఊళ్ళో మనకి బోలెడు పని ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేసేసే ఇళ్ళున్నాయి, రొయ్యల షెడ్లకి వెళ్ళే పిల్లలున్నారు. ఈ గొడవ పెట్టుకుంటే ఆ తలుపులన్నీ మూసుకుపోతాయని ఆ అమ్మాయి బాధ. పైగా పిల్లలు అయోమయపడతారు అంది.

పిల్లల అయోమయం సంగతి ముందు. 2024 డిసెంబరులో పుష్ప రెండో సినిమా వచ్చింది. గంగమ్మ జాతరలో హీరో చీర కట్టి, గాజులేసుకుని, ఒళ్ళంతా రంగు పూసుకుని ఆడాడు. తిరుపతి గంగజాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం ఎన్నాళ్ళుగానో ఉన్నదే. ఆ సినిమా ఈ లంక ఊరి పిల్లలూ చూశారు. నెలల తరబడి వీధిలో తువ్వాలు చుట్టుకుని ఆ గంతులే వేశారు. ఎవడూ అయోమయపడలేదు, ఏ పెద్దాయనా ఫిర్యాదు పెట్టలేదు. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర రికార్డింగ్ డాన్సులు పెడతారు. బతుకు తెరువుకి వచ్చిన ఆడపిల్లల చేత అర్ధరాత్రి దాకా ఎగిరిస్తారు. తండ్రుల భుజాల మీద పిల్లలు కూర్చుని చూస్తారు. ఆ బరి వేయించే పెద్దమనుషులకి అప్పుడు పిల్లలు గుర్తుకురారు. ముసలాయన అరుగు మీద కూర్చుని చేపల కథ చెప్తే గుర్తొచ్చారు!

పిల్లలకి ముప్పు ఎక్కడుందో మనకి తెలియదా? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు, అందులో మన రాష్ట్రమూ ఉంది. 53 శాతం పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వేధించినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకి బాగా తెలిసినవాళ్ళు, నమ్మదగ్గ స్థానంలో ఉన్నవాళ్ళు. మన దగ్గరికొచ్చిన కేసులు తలుచుకోండి. మామయ్య, పక్కింటాయన, ట్యూషను మాస్టారు. వాళ్ళలో ఒక్కడైనా చీర కట్టుకుని వచ్చాడా?

విరాటపర్వం మన ఇళ్ళలో తెలియని వాళ్ళుండరు. 1963 నాటి నర్తనశాల సినిమా చూడని వాళ్ళూ తక్కువే. విరటుడి కొలువులో పాండవులు తలదాచుకున్నప్పుడు చీర కట్టి, జడ వేసుకుని, రాజు కూతురు ఉత్తరకి ఆట నేర్పింది ఎవరు? బృహన్నల. రామారావుగారు కట్టిన ఆ వేషాన్ని చూసి తెలుగునాట ఏ తల్లీ పిల్లల కళ్ళు మూయలేదు. ఆ కొలువులో సైరంధ్రి వెంటపడింది ఎవరు? కీచకుడు. ఆ వేషం కట్టింది మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావుగారు. మీసాలు, గద, రాణిగారి తమ్ముణ్ణన్న పొగరు. సైరంధ్రి నిండు సభలో మొర పెట్టుకుంటే రాజు నోరెత్తలేదు. అంతఃపురంలోకి పంపే ముందు విరటుడు పరీక్ష చేయించింది మాత్రం బృహన్నలని! కీచకుడికి ఏ పరీక్షా లేదు. ఇప్పుడు కూడా అంతే. ఎవరి లింగమేదో వాళ్ళే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో అంది. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం మళ్ళీ వాళ్ళని సర్టిఫికెట్టు కోసం కలెక్టరాఫీసు మెట్లెక్కించింది.

పిల్లల పేరు చెప్పి వేషం మీద పడటం కొత్త కాదు. తెల్లవాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం చేసి, అందులో రెండో భాగం హిజ్రాల మీద పెట్టారు. రిజిస్టరులో పేరెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనపడితే, ఆడితే, పాడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు ఆ ఇంట్లో ఉంటే అదో నేరం. నిజాం రాజ్యంలో అదే తరహా చట్టం 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చింది. మనది మద్రాసు వైపు కాబట్టి ఏలూరుకి అది రాలేదు. హైదరాబాదులో మాత్రం నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా చట్టం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు కోర్టుకి వెళ్తే, తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వందేళ్ళు పట్టింది. దాన్ని వదిలించుకున్నామని మనమంతా సంతోషించాం. మరి అదే నిబంధనని మన సంఘం మినిట్సు పుస్తకంలో, ఆడవాళ్ళ సంతకాలతో మళ్ళీ రాద్దామా?

ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్లకి ఒక శిక్షణ పుస్తకం తయారుచేసి వెబ్‌సైటులో పెట్టింది. బాలల హక్కుల కమిషనే అభ్యంతరం చెప్పింది. కొద్ది రోజుల్లోనే అది మాయమయింది. బడిలో వెక్కిరింపులకి చదువు మానేసే ఆ పిల్లలు కూడా పిల్లలే కదా! ఆ లంక ఊళ్ళో కూడా ఉంటారు. అరుగు మీద కథ వింటూ ఎక్కడో వెనక వరసలో కూర్చుని ఉంటారు. వాళ్ళకి మనం కథ ఆపేసి ఏం చెప్పాం?

చెల్లీ, తలుపులు మూసుకుపోతాయన్న నీ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మూసుకుపోవచ్చు. కానీ సారా ఉద్యమంలో ఆడవాళ్ళు పాకల మీదికి వెళ్ళినప్పుడూ పెద్దమనుషులు తలుపులేశారు. ఊరి పెద్దలు ఒప్పుకున్న పనే చెయ్యాలంటే బాల్యవివాహాల పని కూడా చెయ్యలేం. ఆ ఫిర్యాదు పెట్టిన ఇద్దరిలో ఒకాయన ఇంట్లోనే పోయినేడు పదిహేనేళ్ళ పిల్లకి పెళ్ళి ముహూర్తం పెడితే మనం వెళ్ళి ఆపాం. ఆయనకి మన మీద ఉన్న కోపం కథల మామ్మతో మొదలవలేదు.

ఆపేశాక ఆయన్ని కలవడానికి వెళ్ళాను. కోప్పడతాడనుకున్నాను. ‘చీర లేకుండా రమ్మంటే వస్తానమ్మా, పిల్లల కోసం. కానీ పంచె కట్టుకుంటే ఆ గొంతు రాదు’ అన్నాడు. చార్జీల బాకీ నూట అరవై ఇవ్వబోతే తీసుకోలేదు.

వచ్చే సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. లంక ఊళ్ళో శనివారం కథలు మళ్ళీ మొదలుపెట్టాలి. కథ చెప్పేది ఎవరైనా, అంటే మామ్మయినా, పంతులుగారైనా, పాస్టరుగారైనా, మన కార్యకర్తయినా, అందరికీ ఒకే నియమం: నలుగురూ తిరిగే చోట చెప్పాలి, కనీసం ఇద్దరు తల్లులు ఉండాలి, ఏ పిల్లనీ ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు, ఏ కథ చెప్తారో ముందు మనకి చెప్పాలి. ఆపమన్న మాట ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో కాగితం మీద ఇమ్మని అడగాలి. అడగడానికి టీచరు ఒక్కతే వెళ్ళకూడదు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు అంగన్‌వాడీ వాళ్ళు సమ్మె చేసినప్పుడు మనం పక్కన కూర్చున్నాం. ఇప్పుడూ ఆమె వెంట మనమే వెళ్ళాలి. పెద్దక్క వ్యతిరేకంగా ఓటేస్తానని చెప్పింది. ఆవిడ వాదన పూర్తిగా రాసి ఇమ్మన్నాను, వచ్చే సంచికలో వేద్దాం.